ఎదుటి ఒడ్డున చాచిన చెయ్యి

మా కార్డెల్ వాగు మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, ఇళ్ళ పెరటి కంచెల వెనకగా పోతుంది. పక్కనే కాలిబాట. పొద్దున కుక్కలు, సాయంత్రం సైకిళ్ళు. ఒడ్డున చెట్లలో సగం మా అక్క నెరిడా నాటినవే. పిల్లల్లేని మనిషి, వాటినే పెంచుకుంది. ఆమధ్య కౌన్సిల్ వాళ్ళు వాగుని గొట్టంలోకి మళ్ళించి పైన రోడ్డు వేస్తామన్నారు. అంతరించిపోతున్న గుర్రుకప్ప ఇక్కడ ఇంకా బతికుందని చూపిస్తేనే పని ఆగుతుంది. దాని కూత మూడుసార్లు రికార్డు కావాలి. గడువు ఆ వారంతో సరి.

పద్ధతి తేలికే. ఫోనులో కప్ప కూత వినిపిస్తాం. నిజం కప్ప ఉంటే, పోటీకి ఎవరో వచ్చారనుకుని బదులిస్తుంది, ఫోనే దాన్ని రికార్డు చేస్తుంది. అక్క అవతలి ఒడ్డున, నేను ఇవతల, కళ్ళు మూసుకుని వింటాం. కూత వచ్చిన వైపు చెయ్యి చాచి, అప్పుడు టార్చి వేస్తాం. రెండు వెలుగులూ కలిసినచోట కప్ప ఉంటుంది.

పొద్దు గుంకింది. నాకు ఒకచోట నిలబడటం చేతకాదు.

"ఒసే థెల్మా, ఆ కాళ్ళు కాసేపు కట్టేసుకోవే. కప్పలు హడలి చస్తాయి," అంది అక్క అవతల్నుంచి.

"దోమలక్కా. అంతా నీ చెట్ల చలవే."

కూత వేశాను. మోటారుసైకిలు కిక్కు కొట్టినట్టు గుర్రుమంది. కాసేపటికి బదులొచ్చింది, వాననీటి గొట్టం నోట్లోంచి. వెలుగులు అక్కడే కలిశాయి. ప్లాస్టిక్ సీసా ఒకటి తేలుతోంది, కప్ప లేదు. అయినా అక్క సంతోషంతో ముక్కు చీదుకోవడం వినిపించింది.

రెండోసారి బదులు దగ్గర్నుంచి వచ్చింది. వెలుగులు వాగు మధ్య రాయి మీద కలిశాయి. రాయి ఖాళీ. కీచురాళ్ళు ఎప్పుడు ఆగిపోయాయో తెలీదు. వాసన మారింది. బురద వాసన కాదు, చాలాకాలం మూసి ఉంచిన గదిలో తడిబట్టల వాసన.

"అక్కా... పోదాం పద," గుసగుసగా అన్నాను.

జవాబు లేదు. వినేటప్పుడు మాట్లాడకూడదని తను పెట్టిన నియమమే. ఒళ్ళు మండింది నాకు. కానీ ఇంకొక్కటి లేకపోతే తన చెట్లన్నీ పోతాయి. ఫోను నొక్కాను.

బదులు వెంటనే వచ్చింది. చెయ్యి చాచి టార్చి వేశాను.

వెలుగు నెరిడా మీద పడింది. వానకోటు, తల మీద ముసుగు. చెయ్యి సూటిగా నా వైపే చాచి ఉంది.

"నన్ను చూపిస్తావేంటక్కా?"

కదల్లేదు. టార్చి కూడా వెయ్యలేదు.

వంతెన వైపు నడిచాను. ఎదుటి ఒడ్డున తనూ నడిచింది. నేను ఆగితే ఆగింది. అంత ఎండుటాకుల మీద అడుగుల చప్పుడే లేదు... చెయ్యి దించలేదు... పరిగెత్తాను.

వంతెన మీద ఎవరో నా భుజాలు పట్టుకున్నారు.

నెరిడా.

"ఎక్కడ చచ్చావే ఇంతసేపు? రెండోది కాగానే గుండె దడ పుట్టి ఇటొచ్చేశాను. పిలిచాను కూడా, వినిపించలేదా?"

వెనక్కి చూశాను. చెట్లు తప్ప ఏమీ లేవు.

"మూడోది దొరికిందా?" చంటిపిల్లలా అడిగింది. నిజం చెబితే ఆ రికార్డు పంపనివ్వదు.

"దొరికింది."

పని ఆగింది. అక్క కాలనీ అంతా కేకు పంచింది. అయితే ఒక షరతు పెట్టారు. ప్రతి గురువారం మేమిద్దరమే వెళ్ళి కప్పల్ని లెక్కపెట్టాలట.

అక్కని ఆ ఒడ్డుకి వెళ్ళనిస్తానా? తన మోకాళ్ళ నొప్పి సాకు చెప్పి, తనని ఇవతల ఉంచి నేనే అటు వెళ్ళాను. ఫోను తన చేతికిచ్చాను. నిలబడి కళ్ళు మూసుకున్నాను. తడిబట్టల వాసన.

ఉండబట్టక కళ్ళు తెరిచాను. నా చెయ్యి చాచి ఉంది, సూటిగా అక్క వైపు. దించబోతే దిగలేదు.

అక్క ఇంకా కూత వెయ్యనే లేదు.