తువ్వాలు లేని షెల్

బసవపున్నారావు అనే పేరుగల మనిషి గూఢచారి అయి ఉంటాడని ఏ శత్రుదేశమూ అనుమానించదు. డిపార్ట్‌మెంట్ అతన్ని తీసుకోవడానికి అదొక్కటే కారణమని గిట్టనివాళ్లు అంటారు.

1987 మే నెల. హైదరాబాదులో చీఫ్ పైపు వెలిగించాడు.

"నూజివీడు వెళ్లాలి. ప్రభాకరరావని, మామిడి ఎగుమతిదారు. గోడౌన్ మీద పెద్ద డిష్ పెట్టాడు."

"టీవీకేమో, సార్."

"మన తూర్పు తీరం రాడార్ కోడ్ అతని కంప్యూటర్లో ఉంది. రేపు మధ్యాహ్నం గోడౌన్ భోజనాల సైరన్ మోగగానే అది సముద్రం దాటుతుంది. మైలవరం రోడ్డులో పోలీసులుంటారు. నీ కబురు లేకపోతే సైరన్ తర్వాత లోపలికొస్తారు. కానీ అప్పటికి కోడ్ పోతుంది. నువ్వే ఆపాలి."

"లోపల మనవాళ్లెవరు?"

"లేయా. ఆవిడ మనవైపో వాళ్లవైపో ఈమధ్య నాకే తెలియడం లేదు."

"మంచి ధైర్యం చెప్పారు, సార్."

మర్నాడు పున్నారావు చాట్రాయి షావుకారు వేషంలో గోడౌన్ గేటు ముందు నిలబడ్డాడు. పెట్టుడు మీసం, సిల్కు లాల్చీ, భుజాన తువ్వాలు. అతనికి ముందున్న సూటు మనిషిని కాపలా సవరయ్య కర్ర అడ్డంపెట్టి వెనక్కి పంపేశాడు.

"తువ్వాలు లేనోడు షావుకారేంటండీ? బేరం దేని కింద ఆడతాడు?"

అక్కడ ధర నోటితో చెప్పరు. ఒకరి ధర ఇంకొకరికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని చెబుతారు. తువ్వాలు లేనివాణ్ణి గుమ్మంలోనే తిప్పి పంపమని ప్రభాకరరావు ఆర్డరు. పున్నారావు దర్జాగా లోపలికి నడిచాడు.

బేరానికి లేయా వచ్చింది. ఎర్ర షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు. తువ్వాలు కింద చెయ్యి పెట్టగానే పున్నారావుకి వేళ్లకు బదులు పిస్టల్ తగిలింది.

"బేరం కుదిరిందండీ," అంది లేయా తీయగా.

అతన్ని ఇనుప తలుపున్న చిన్న గదిలోకి తోశారు. కిటికీ లేదు. బల్లమీద ఒక టెర్మినల్, అంతే. అసలు కంప్యూటర్ గోడ అవతల ఉంది. పక్క గది కాయలు మాగబెట్టేది. మధ్యగోడలో గుప్పెడంత కంత.

"ఎడిటర్ తెరిచి ఉంచాను," అన్నాడు ప్రభాకరరావు. "మేం పంపడానికి ఒక కబురు మీ రహస్య పదంతో సహా టైప్ చెయ్యండి. అంతా సవ్యంగా ఉంది, పోలీసులు వెళ్లిపోవచ్చని. చేస్తే తలుపు తీస్తాం. లేకపోతే మీ ఇష్టం. అవతల కార్బైడ్ మీద నీళ్లు పోశాం. గ్యాసు ఈ కంతలోంచే వస్తుంది."

లేయా కింద పడిన తువ్వాలు తీసి పున్నారావు భుజాన వేసింది. "ఇది ఉంచుకోండి. ఇది లేనివాళ్లని ఇక్కడ ఏ గుమ్మమూ నిలవనివ్వదు."

ప్రభాకరరావు పగలబడి నవ్వాడు. తలుపు మూసుకుంది.

కంతలోంచి కుళ్లు వెల్లుల్లి వాసన మొదలైంది. పున్నారావు తువ్వాలు ఉండచుట్టి కంతలో కుక్కాడు. తలుపుని భుజంతో గుద్దాడు. భుజమే నొప్పిపుట్టింది. నిజంగా భయం వేసింది.

కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఎడిటర్‌లోంచే షెల్ తెరవొచ్చని ట్రైనింగులో చెప్పారు. షెల్ దొరికితే కంప్యూటర్‌కి నేరుగా ఆజ్ఞలివ్వొచ్చు, ట్రాన్స్‌మిషన్ ఆపొచ్చు. తెరిచాడు. తెర మీద ఒక్క లైను.

ప్రాసెస్ షెల్ ఎగ్జిటెడ్.

మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే.

"నీకు బయటికి పోవడం ఎంత బాగా వచ్చే తల్లీ!" అన్నాడు కసిగా. "నాకూ కాస్త నేర్పు."

గదిలో గాలి బరువెక్కుతోంది. పైన డిష్ తిరుగుతున్న చప్పుడు. రాడార్లు గుడ్డివైపోతే తీరమంతా తలుపుల్లేని ఇల్లవుతుంది. కళ్లు మూసుకుంటే సవరయ్య కర్ర కనబడింది. ఆ వెంటనే లేయా మాట గుర్తొచ్చింది. ఏ గుమ్మమూ.

షెల్ చచ్చిపోవడం లేదు. దాన్ని ఎవరో తిప్పి పంపుతున్నారు!

షెల్ లేవగానే మొదట చదివే స్టార్టప్ ఫైల్ ఒకటుంటుంది. ఎడిటర్‌లో దాన్ని తెరిచాడు. ఉంది కాపలా. టెర్మినల్ పేరు 'కన్సోల్' కాకపోతే ఎగ్జిట్ అని ఒకే ఒక్క లైను. ప్రభాకరరావు గేటు రూలే కంప్యూటర్‌కీ పెట్టించాడు. ఎడిటర్‌లోంచి వచ్చే షెల్‌కి ఆ పేరు లేదు.

లైను కొట్టేసి సేవ్ చేయబోయాడు. అనుమతి లేదంది.

సరే, కాపలావాణ్ణి మార్చలేం. వేషం మనచేతిలో పనే కదా! ఎడిటర్ సెట్టింగుల్లో టెర్మినల్ పేరు 'కన్సోల్' అని మార్చి షెల్ తెరిచాడు.

ఈసారి అది పోలేదు. కర్సర్ బుద్ధిగా మిణుకుమంటోంది.

ట్రాన్స్‌మిషన్ ప్రోగ్రామ్ వెతికి పట్టుకున్నాడు. సైరన్ అందుకుంది. దాన్ని ఆపేసే 'కిల్' ఆజ్ఞ కొట్టాడు. పైన డిష్ మూలిగి ఆగిపోయింది.

తలుపు తెరుచుకునేసరికి లేయా, ఆవిడ వెనక పోలీసులు, బేడీలతో ప్రభాకరరావు.

"ఎంతసేపండీ? తువ్వాలు భుజాన వేసి మరీ చెప్పాను కదా!"

"పిస్టల్ పెట్టి చెబితే లేటుగానే అర్థమవుతుందండీ," అన్నాడు పున్నారావు, గుండెనిండా గాలి పీలుస్తూ.

అందరూ గేటు దగ్గరికి వచ్చారు. సవరయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"తువ్వాలుతో వెళ్లినోరు తువ్వాలుతోనే బయటికి రావాలండీ. మీదేదండీ?"

లేయా ప్రభాకరరావు భుజం మీది తువ్వాలు లాగి పున్నారావు మీద వేసింది. కర్ర పైకి లేచింది. పున్నారావు దాటాడు. కర్ర మళ్లీ కిందికి దిగింది, సరిగ్గా ప్రభాకరరావు పొట్ట ముందు.

"ఒరే, నేన్రా!"

"తమరేనండీ," అన్నాడు సవరయ్య వినయంగా. "రూలు కూడా తమరిదేనండీ."