ఎదురంచు

సింగరాయకొండ ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, అలా కూర్చునే చచ్చిపోయాడు. చంపినవాళ్లు అతని ఒళ్లోని నాణేల డబ్బా తీసుకుని రైలెక్కారు. అందులో తమక్కావలసిన నాణెం ఏదో ముందు అడగాల్సిందని వాళ్లకి ఒంగోలు దాటాక గాని తట్టలేదు.

"తొందర మనుషులయ్యా," అంది చీఫ్ సుబ్బరావమ్మ. గుంటూరులో ఒక మెస్సు పైగదిలో ఏజెంట్ ఖలీల్‌కి బ్రీఫింగ్ ఇస్తోంది. "ఐదు రూపాయల బిళ్ళ. లోపల బోలు. అందులో మైక్రోఫిల్మ్. మన తీరంలో రాడార్లకి ఎక్కడెక్కడ చూపు ఆనదో చూపించే మ్యాపు. అది దేశం దాటిందా, వాడరేవు నుంచి నిజాంపట్నం దాకా తలుపులు బార్లా తీసినట్టే."

"విప్పి చూసుకుంటే వాళ్లకే తెలుస్తుందిగా, మేడమ్?"

"వెలుతురు తగిలితే ఫిల్మ్ మాడిపోద్ది. బరువు కూడా సరిపెట్టారు. డబ్బాలోవి నాణేలు అచ్చేసే మింటులోనే అంచు కొరుకుపడ్డ తప్పు బిళ్ళలు, వాటిలో కలిసిపోవాలని దీని అంచు కూడా అలాగే అరగదీశారు. పోనీ అన్నీ పట్టుకుపోదామంటే, మోసుకెళ్లేవాడి బూటు మడమలో ఒక్క బిళ్ళకే చోటు. అందుకని మింటు తప్పులు పసిగట్టే ఎక్స్‌పర్ట్ శివరామకృష్ణని హైదరాబాదు నుంచి పిలిపించారు. ఆయన్ని మనం దారిలోనే ఆపేశాం. ఆయన బదులు నువ్వెళ్తున్నావ్. కోడ్ వర్డ్ తాలు."

"రంగు పోయిన మిరపకాయా?"

"అదే. లోపల మన మనిషి ఒకరున్నారు, ఆ మాటతో పలకరిస్తారు. ఎవరో నాకూ తెలీదు. ప్లాట్‌ఫారం మీద చచ్చిన మనవాడు ఆ మాట వాళ్లకి అమ్మేశాడేమోనని కూడా అనుమానం. చూసుకో."

శనివారం మధ్యాహ్నానికి ఖలీల్ నుదుట విభూతితో, ముక్కు మీద కళ్లజోడుతో ఊరి శివార్లోని ఒక కోల్డ్ స్టోరేజీ గదిలో ఉన్నాడు. వెనక తలుపు మూసుకుంది. జానెడు మందం తలుపు. లోపలి పిడి ఎవరో ఊడదీశారు. కప్పు దాకా మిర్చి టిక్కీలు, నిండు గోనె బస్తాలు. చలికి ఘాటు అణిగింది గాని చావలేదు, గాలి పీల్చినప్పుడల్లా గొంతు గీరుతోంది.

"యార్డుకి సెలవు. సోమవారం దాకా ఇటు ఎవరూ రారు," అన్నాడు ఫాబియన్. పొగాకు కొనే దొరగా ఒంగోలు, గుంటూరు తిరిగి తిరిగి తెలుగు నేర్చిన విదేశీ గూఢచారి. చేతిలో పిస్తోలు. "బిళ్ళ చూపిస్తే బయటికి. లేకపోతే మిరపకాయలతో పాటు నిల్వ."

పక్కన అతని సెక్రటరీ షహనాజ్. నెమలికంఠం రంగు చున్నీ, ఆ చలిలో కూడా చెదరని లిప్‌స్టిక్. నాణేల పళ్లెం ముందుకు జరిపింది.

"అన్నీ ఎర్రగానే కనపడతాయండీ. తాలు ఏదో మీరే ఏరాలి."

ఖలీల్ కళ్లజోడు సర్దుకుని ఆమె వంక చూశాడు. ఈమె మన మనిషా? మాట కొనుక్కున్నదా?

పళ్లెంలో నాలుగు బిళ్ళలు. ప్రతిదానికీ అంచున ఎలక కొరికినట్టు ఒక వంపు. ఖలీల్ లెన్స్ తీశాడు. మింటులో రేకు నుంచి బిళ్ళలు కోసేటప్పుడు, కత్తి పక్క కన్నం మీదికి జరిగితే ఇలా కొరుకు పడుతుంది. ఆ తరవాత అంచు లేపే మిషన్‌కి అక్కడ పట్టు దొరకదు. అందుకే కొరుక్కి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా లేవదు, చప్పిడిగా ఉండిపోతుంది. బయట ఆకురాయితో అరగదీసి చేసిన కొరుక్కి మాత్రం ఎదురంచు నిక్షేపంగా ఉంటుంది.

మొదటిది చూశాడు. చప్పిడి. రెండోది చప్పిడి. మూడోది, నాలుగోది కూడా.

నాలుగూ మింటు తప్పులే. బోలు బిళ్ళ ఇక్కడ లేదు.

ఆ మాట అంటే పిస్తోలు పేలుతుంది. అనకపోతే అసలుది ఎవరి దగ్గరుందో, ఏ దారిన పోతోందో తెలిసే దారి లేదు. వేళ్ల కొనలు కొయ్యబారిపోతున్నాయి.

"ముందు ఫీజు తేల్చమంటున్నాడు సార్," అంది షహనాజ్ ఉన్నట్టుండి. ఖలీల్ నోరే విప్పలేదు. "మిర్చి యార్డులో బేరం నోటితో ఆడరు. గుడ్డ కింద వేళ్లు పట్టుకుంటారు. మా నాన్న అలాగే లక్షల సరుకు కొన్నాడు."

ఫాబియన్ నవ్వాడు. "ఆడు. చూస్తాను."

చున్నీ వచ్చి ఖలీల్ చేతి మీద పడింది. దాని కింద ఆమె వేళ్లు అతని చూపుడువేలు పట్టాయి, వదిలాయి. అరచేతిలో చల్లగా ఏదో పెట్టాయి. బిళ్ళ. అంచున కొరుకు. అతని బొటనవేలు ఆ కొరుకు నుంచి ఎదురంచుకి పాకింది.

గట్టుగా, నిండుగా తగిలింది అంచు. బోలు బిళ్ళ ఇదే.

పళ్లెం సర్దేటప్పుడే దాచేసినట్టుంది. అమ్మేసేదైతే ఎప్పుడో ఫాబియన్‌కే ఇచ్చేది. పిడికిలి బిగించాడు.

"బేరం కుదిరిందండీ," అన్నాడు. మూడో బిళ్ళ ఎత్తి చూపించాడు. దాని మీద సన్నటి గీత ఉబ్బి ఉంది. అచ్చు పగిలినప్పుడు పడే మామూలు గీత. "ఇదే. రెండు ముక్కలు అతికిన జాడ. మిగతా వాటికి లేదు."

ఫాబియన్ లెన్స్ లాక్కుని మూడోది చూశాడు. మిగతావి చూశాడు. మళ్లీ మూడోది. గీత దానికొక్కదానికే ఉంది. బిళ్ళని బూటు మడమలో పెట్టుకున్నాడు, లెన్స్ జేబులో వేసుకున్నాడు.

"థాంక్స్. ఇద్దరూ వెచ్చగా ఉండండి."

"సార్, నేను కూడానా?"

"నీ బేరం మరీ తొందరగా తెగింది, షహనాజ్."

తలుపు మూసుకుంది. లైటు ఆరింది.

"లెన్స్ పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది," అన్నాడు ఖలీల్ చీకట్లో. "ఈ గోడల మధ్య మూగబోయింది. బయటికెళ్తే పలకాలి."

"పలక్కపోతే?"

అతను చీకట్లో తడిమాడు. ఖాళీ గోనె ఒకటి లాగి ఆమె భుజాల మీద కప్పాడు. బయట లారీ ఇంజను స్టార్టయింది. గేరు పడింది. కదిలింది. ఆమె పళ్లు టకటకలాడుతున్నాయి. తరవాత ఏ చప్పుడూ లేదు. దానికే అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

గడియ కదిలింది. తలుపు తెరుచుకుంది. వెలుగులో ఫాబియన్ నిలబడి ఉన్నాడు.

ఖలీల్ బిళ్ళని నాలుక కిందికి తోశాడు. అప్పుడు కనపడ్డాయి, ఫాబియన్ చేతులకి బేడీలు. వెనక సుబ్బరావమ్మ వగరుస్తోంది.

"లెన్స్ పలికింది, గేటు దాటుతుంటే పట్టుకున్నాం. బతికే ఉన్నారుగా?"

ఫాబియన్ చూపు ఖలీల్ మీదే ఉంది. "నాకిచ్చింది నకిలీదా?"

ఖలీల్ నాలుక కింది బిళ్ళని తీసి చీఫ్ చేతిలో పెట్టాడు.

"అబ్బే, మీది అచ్చంగా అసలుదండీ. గవర్నమెంటు వారు సొంత చేతులతో చేసిన తప్పు."