హద్దు నడిచిన మధ్యాహ్నం

ముప్పై రెండేళ్లు బడిపిల్లలకు లెక్కలు చెప్పిన చేతిరాత నాది. ఈసారి అక్షరాలు వంకర పోయాయి. టైపు చేసేవారు విసుక్కోకుండా సర్దుకోవాలి. కారణం చివర్లో చెప్తాను.

నా మనవరాలు ప్రణీత నల్గొండలో ఒక సర్వే కంపెనీలో పనిచేస్తుంది. దేవరకొండ అవతల, మా పుట్టినూరి చెలకల్లో, అంటే మెట్టభూముల్లో, చేనేత పార్కు కట్టాలని ప్రతిపాదన వచ్చింది. ఆ జాగాకు కంప్యూటరులో పటం తయారుచేసే పని దానిది. అర్థమయ్యేట్టు చెప్తాను. ఉపగ్రహం తీసిన బొమ్మను కింద పరిచి, నైజాం కాలపు కొలతల కాగితాన్ని దాని మీద పెట్టాలి. రెండింటి గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కూర్చోలేదు. మూడు రోజుల్లో ఐదుసార్లు కొలిచింది. ఐదుసార్లూ తూర్పు హద్దులో పది గుంటలు, అంటే పావెకరం, తేడా. తోడు వెళ్లి చూసే నాకే తల పగిలిపోయింది.

"సోమవారం ఫైలు పంపకుంటే ఇగ రావద్దన్నడు మా సారు," అంది ప్రణీత, ఎండకు కమిలిన మొహంతో. "అవ్వా, నువ్వు గీడనే పుట్టినవు గద. మూలరాయి ఏడుండెనో జర యాది చేస్కో."

యాది చేసుకోవాల్సిన పనే లేదు. నాకు తెలుసు.

నా తొమ్మిదో ఏట ఆ హద్దు మీద మా బాపు సోమన్నకూ, పక్క చెలక గుర్వమ్మకూ తగాదా అయింది. అప్పట్లో పెద్దమనుషులు ఒక పద్ధతి పెట్టేవారు. హద్దు తనదన్నవాడు తడిబట్టలతో, తల మీద మట్టిపెడ్డ పెట్టుకొని ఆ గీత నడవాలి. నిజమైతే నడక చివర మట్టి బరువు దిగుతుంది. అబద్ధమైతే దిగదు. బాపు నడిచాడు. అసలు రాయిని వదిలేసి, ఇరవై అడుగులు అవతల, గుర్వమ్మ చెలకలోంచి నడిచాడు. బట్టలు ఆరకుండా తడపడానికి నీళ్ల బిందెతో వెనకే నడిచిన నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు. బాపు నడిచినచోట కొత్త రాయి పాతారు. ఆ తర్వాత ఆయన పద్దెనిమిది రోజులే బతికాడు. ఖాళీ తల మీద కుడిచెయ్యి ఆనించుకొని, "దించుండ్రి... జర దించుండ్రి," అంటూనే పోయాడు.

చచ్చిన తండ్రిని దొంగ అనిపించడానికి నోరు రాలేదు.

"గా కనబడే రాయే అసలుది బిడ్డా. కాగితమే తప్పు," అన్నాను.

"గా ముక్క మొదలే చెప్తే నా మూడు దినాలు మిగులుతుండె గద, పంతులమ్మా!"

జీపీఎస్ బిగించిన కర్ర పట్టుకొని, బాపు నడిచిన ఆ గీత వెంటే నడిచింది. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. ఎక్కడో పత్తికట్టె కాలిన వాసన. తుమ్మచెట్టు కింద కూర్చొని చూస్తున్నాను. దాని బూట్ల కింద ఎండు గడ్డి కరకరమంటోంది.

ఆ చప్పుడు వెనక ఇంకో చప్పుడు.

తడిబట్ట కాళ్లకు కొట్టుకుంటున్నట్టు... టప్... టప్...

పచ్చిమట్టి వాసన వచ్చింది. అక్కడ వాన పడి ఐదు నెలలు.

ప్రణీత నడక నెమ్మదించింది. మెడ ముందుకు వంగింది. కుడిచెయ్యి మెల్లగా తల మీదికి పోయింది. అచ్చం బాపులాగే.

పరుగెత్తాను.

"అవ్వా..." అంది. "నా నెత్తి మీద ఏం పెట్టినవ్?"

"ఏం లేదు బిడ్డా."

"ఉన్నది... దించు. జర దించు..."

జుట్టు తాకాను. చల్లగా, తడిసి ముద్దయి ఉంది.

ఇక ఆలోచించలేదు. "బాపూ, పిల్లను విడువు. అబద్ధం నాది," అన్నాను. తాగే నీళ్ల క్యాను నా మీదే కుమ్మరించుకున్నాను. మట్టిపెడ్డ తీసి తల మీద పెట్టుకున్నాను. దాని చేతిలోంచి కర్ర గుంజుకొని అసలు గీత నడిచాను. చివర, తుప్పల్లో తల విరిగిన పాతరాయి. దాని దగ్గర పెడ్డ దించాను. నేల మీద పడి పొడైంది. నా కళ్లతో చూశాను.

ప్రణీత మెడ నిటారుగా లేచింది. కాసేపటికి కర్ర మీది స్క్రీను చూసి ఎగిరి గంతేసింది.

"కూసున్నది అవ్వా! గుంట గూడ తేడా లేదు!"

సోమవారం ఫైలు పోయింది. పిల్ల ఉద్యోగం నిలబడింది.

నా విసుగంతా ఇక్కడే. నిజం చెప్పాను. నిజం నడిచాను. గీతలు కలిశాయి. లెక్కను మొదటి మెట్టు నుంచి మళ్లీ మళ్లీ సరిచూస్తున్నాను, తప్పెక్కడో దొరకడం లేదు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతిని తల మీది నుంచి తీయలేను. తీస్తే ఆ మట్టిపెడ్డ జారుతుంది.

ఇవాళ్టికి పదిహేడు రోజులు.

ఇంట్లో నేను నాలుగడుగులు వేస్తే వెనక చిన్నపిల్ల అడుగులు వినిపిస్తాయి. నేను ఆగితే ఆగుతాయి.

దాని చేతి బిందెలో నీళ్లు మాత్రం ఇంకొంచెంసేపు తొణుకుతూనే ఉంటాయి...