రెండు దెబ్బలంటే పోనిమ్మని

ఆ బండిని మొదటిసారి చూసినప్పుడు వెనకాల లోడు ఉందనుకున్నాను. ఎడమ పక్క బాడీ టైరు మీదికి అంతగా వాలిపోయి ఉంది.

"ముందు లోడు దించుకుని రండి," అన్నాను.

"దించేశాను. ఖాళీయే," అంది స్టీరింగు ముందున్న అమ్మాయి.

వెళ్ళి చూశాను. నిజంగానే ఖాళీ. రెండు తడి గోనెపట్టాలు, ఒక తాడు చుట్ట, అంతే. బండి మాత్రం ఎడమ మూల ఎవరో బరువైన మనిషి కూర్చున్నట్టు ఒరిగి ఉంది. లోపలినుంచి సన్నగా చల్లటి పొగ లేస్తోంది.

"ఐసు బండి," అంది నా మొహం చూసి. "దయ్యాల బండి కాదు. అలా చూడకండి."

బళ్ళు బాగుచేసే ఆ షెడ్డు మా పెదనాన్నది. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఉద్యోగం దొరికేదాకా అని షెడ్డులో చేరాను, రెండేళ్ళయింది. పెదనాన్న నన్ను పేరు పెట్టి పిలవడం కూడా మానేశాడు.

"ఒరేయ్ డిగ్రీ! కమాన్లు చూడు," అని కేకేశాడు.

బండి కిందికి దూరాను. వెనక ఇరుసు మీద బరువు మోసేవి కమాను కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు విల్లులా వంగి ఉండాలి. ఇవి బల్లపరుపుగా సాగిపోయాయి. ఏళ్ళ తరబడి ఐసు నీళ్ళు కారి తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. ఎడమవైపు పై పట్టీ అడ్డంగా చిట్లి ఉంది.

సరిగ్గా అప్పుడే నా తలపైన 'టక్... టక్' మని రెండు దెబ్బలు.

"బండి మీద కొట్టకండి! నేను కింద ఉన్నాను!"

"నేనిక్కడున్నానండీ," అంది ఆమె. గొంతు షెడ్డు గుమ్మం దగ్గరనుంచి వచ్చింది.

నేను బయటికి పాకి వచ్చేసరికి ఆమె పరుగున వచ్చి నిలబడింది. భయపడలేదు. కళ్ళు మెరుస్తున్నాయి.

"మీకూ వినిపించిందా?"

వాళ్ళ నాన్న ఎప్పుడూ వెనకాల ఐసు దిమ్మల పక్కనే, ఎడమ మూల నిలబడేవాడట. ఆమె నడిపేది. అరిస్తే వినపడదు కాబట్టి రేకు మీద చేత్తో కొట్టేవాడు. ఒక్క దెబ్బంటే ఆపమని, రెండు దెబ్బలంటే పోనిమ్మని. కొట్టీ కొట్టీ అక్కడ అరచేతి మేర రంగు పోయి ఇనుము తేలింది. ఆయన పోయి ఎనిమిది నెలలయింది.

"ఈమధ్య రోజూ కొడుతున్నాడు," అంది.

"అది చిట్లిన పట్టీ చప్పుడండీ. కింద నేను కదిపాను కదా, లోపలి పట్టీ మీద జారి..."

"పరీక్షలో రాసినట్టు చెప్తారేంటి? సరే, మారిస్తే ఆ చప్పుడు పోతుందా?"

"పూర్తిగా పోతుంది."

"అయితే వద్దు." ఎక్కి ఇంజను స్టార్ట్ చేసింది.

వెళ్ళి బండికి అడ్డంగా నిలబడ్డాను. "ఆ పట్టీ తెగితే ఇరుసు పక్కకి జరిగిపోతుంది. బండి మీ మాట వినదు. వంతెన దిగుడులో అలా జరిగితే మీరు బతకరు. ఇప్పుడు మీ నాన్నగారే ఉంటే ఏమనేవారో చెప్పండి."

ఆమె తల తిప్పి వెనక ఎడమ మూలకేసి చూసింది.

"ఒక్క దెబ్బ కొట్టేవాడు," అని ఇంజను ఆపేసింది.

పని రెండు రోజులు పట్టింది. పైన రేకుల మీద వాన, కింద నేను, పక్కన బోర్లించిన డ్రమ్ము మీద ఆమె.

"ఇవన్నీ డిగ్రీలో చెప్తారా?"

"చెప్పరు."

"మరేం చెప్తారు?"

"నాది చరిత్రండీ. రాజులు, యుద్ధాలు."

పకపకా నవ్వింది. స్పానర్ జారి నా బొటనవేలు మీద పడింది. నొప్పి ఇంటికి వెళ్ళాక తెలిసింది.

కొత్త కట్టలు పడ్డాక బండి నిటారుగా నిలబడింది. నాలుగు వీధులు తిప్పి తెచ్చింది. ఏ చప్పుడూ లేదు. "బాగుంది," అంది కానీ ఆ మాటలో ప్రాణం లేదు.

మూడో రోజు హారన్ కొట్టుకుంటూ వచ్చేసింది.

"డిగ్రీ గారూ! మీ చదువు ఓడిపోయింది. నాన్న మళ్ళీ కొట్టాడు!"

పెదనాన్న స్వయంగా కిందికి దూరి చూశాడు. బయటికొచ్చి నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు.

"బండి జాకీ మీద వేలాడుతుంటే బిగించావట్రా కమాను చివరి బోల్టులు? నేల మీదికి దించి, బరువు పడనిచ్చి, అప్పుడు బిగించాలని ఎన్నిసార్లు చెప్పాను? బోల్టు చుట్టూ ఉన్న రబ్బరు బుష్‌లు మెలితిరిగి కొట్టుకుంటున్నాయి చూడు!"

ఆమె మొహంలో వెలుగు ఆరిపోవడం చూశాను. మొట్టికాయ కంటే అది ఎక్కువ తగిలింది.

"క్షమించండి," అన్నాను. "అది మీ నాన్నగారు కాదు. నా తప్పు."

"నాన్నే అని చెప్పి పంపించెయ్యొచ్చుగా?"

"చెప్పొచ్చు. కానీ రేపు మీరు ఎక్కేది ఈ బండే కదా."

నేను బోల్టులన్నీ వదులు చేసి, బండిని నేల మీద నిలబెట్టి మళ్ళీ బిగించేదాకా ఆమె చూస్తూ కూర్చుంది. ఆ చూపు బోల్టుల మీద లేదని నాకు తెలుస్తూనే ఉంది.

మర్నాడు తెల్లారి, లోడుతో ఎలా ఉందో వినడానికి నేను వెనకాల ఎక్కాను. తెల్లారినా ఎండ జాడ లేదు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఐసు దిమ్మల పొగ ఎక్కడ ఆగిందో, మంచు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. దిమ్మలకి కట్టిన తాడు పట్టుకుని చెవి ఒగ్గి కూర్చున్నాను. కమాన్లు మెత్తగా ఊగుతున్నాయి. కిర్రుమన్న చప్పుడైనా లేదు.

వంతెన దిగుడు మొదలైంది.

'టక్.'

నా చెవి పక్కనే. ఒక్కటే.

బండి కీచుమని ఆగింది. ఎగిరి కిందపడబోయి తాడు పట్టుకుని వేలాడాను.

దిగి ముందుకు పరిగెత్తాను. మంచులో దీపాలు లేకుండా ఒక లారీ ఆగి ఉంది, దాని వెనకనుంచి ఇనప ఊచలు బారెడు పొడుచుకొచ్చాయి. వాటి కొసలు మా బండి అద్దానికి జానెడు దూరంలో, ఆమె మొహానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

ఆమె తలుపు తీసుకుని దిగింది. "ఇంత మంచులో ఎలా చూశారండీ?"

"నేనేం చూశాను?"

"దెబ్బ కొట్టారుగా?"

"నా రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి."

ఆమె నా అరచేతులు పట్టుకుని తిప్పి చూసింది. తాడు ఒరుసుకుపోయిన ఎర్రటి చారలు రెండింటికీ ఉన్నాయి. చూశాక కూడా వదల్లేదు.

"ఈసారి ఏ బోల్టండీ?" అంది మెల్లగా.

ఇద్దరం వెనక్కి వెళ్ళాం. బాడీ రేకంతా మంచు బిందువులే. రంగు పోయిన ఆ అరచేతి మేర మాత్రం పొడిగా ఉంది. తాకి చూశాను. పక్కనే ఐసు దిమ్మలు, రేకు వెచ్చగా ఉంది.

"బండి బాగైపోయింది," అన్నాను. "ఇక మీకు షెడ్డుతో పని లేదు."

"రావద్దంటారా?"

"పని లేకపోయినా రమ్మంటున్నాను. మీరంటే ఇష్టం నాకు. ఉద్యోగం ఇంకా రాలేదు, చేసే పనిలో తప్పులు కూడా చేస్తాను. అబద్ధం మాత్రం చెప్పను."

"అది చూశాను," అంది. చేతులు వదిలి, కళ్ళు తుడుచుకుని, వెళ్ళి ఎడమ పక్క తలుపు తీసింది. "ముందుకొచ్చి కూర్చో."

ఆమె నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు.

"మరి వెనక ఐసు దగ్గర ఎవరుంటారు?"

"వెనక మనిషున్నాడుగా."

తాడు చుట్ట సర్దడానికి ఒకసారి వెనక్కెక్కి దిగాను. కొత్త కమాను, మనిషి దిగితే వెంట్రుకవాసైనా పైకి లేవాలి. ఎవరో ఇంకా అక్కడే నిలబడి ఉన్నట్టు, ఎడమ మూల లేవలేదు.

ముందుకొచ్చి కూర్చున్నాను. ఆమె బండిని వెనక్కి తీసి, లారీని తప్పించి, దారికి తిప్పి ఆపింది. ఇంజను ఆడుతోంది, చెయ్యి గేరు మీదే ఉంది. కానీ పోనివ్వడం లేదు.

"ఏమైంది?" అన్నాను.

"ష్... ఉండు."

ఇద్దరం వెనక్కి చెవులు రిక్కించి కూర్చున్నాం. నాలుగు వైపులా మంచు తప్ప ఏమీ లేదు.

'టక్... టక్.'

ఆమె నావైపు చూసి నవ్వి, గేరు వేసింది.