ఒక నాట్ ఎక్కువైంది

మధ్యాహ్నం బెల్లు కాగానే క్లాసులోకి వచ్చిన టీచర్ చేపల తొట్టి ముందు ఆగిపోయారు. నారింజ రంగు చేప ఒకటి అడుగున గులకరాళ్ళ మీద ఒరిగి ఉంది. చచ్చిపోలేదు. అలాగని ఈదడమూ లేదు.

టీచర్ మేత డబ్బా తీసి చూశారు. సీలు అలాగే ఉంది.

"వారం నుంచి ఒక్క పలుకు కూడా వేయలేదా! ఎవరిది చేపల పని?"

కొత్తమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళింట్లో వేరే భాష, తెలుగు ముక్క రాదు. టీచర్ చేతిలో డబ్బా చూసే లేచింది. ఈ బళ్ళో ఆ పిల్లకు దొరికిన పని ఇదొక్కటే. రోజూ అందరికంటే ముందొచ్చి తొట్టి అద్దం తళతళలాడేలా తుడిచేది.

"బోర్డులో ఉన్నట్టే చేశాను టీచర్," అంది ఇంగ్లిషులో.

క్లాసంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది డిక్షనరీ. ఇంగ్లిషులో ఎప్పుడూ ఫస్టు కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు. తొట్టి పక్కన ఇంగ్లిషు బోర్డు రాసింది కూడా ఈవిడగారే.

"చేపల కడుపు మాడ్చమని రాశానా నేను?" అంది పక్క పిల్లతో.

టీచర్‌కు ఓపిక పోయింది. "డిక్షనరీ, రేపట్నుంచి చేపల్ని నువ్వు చూసుకో."

కొత్తమ్మాయి కళ్ళ నిండా నీళ్ళు. తల దించుకుని కూర్చుంది.

డిక్షనరీ టీవిగా వెళ్ళి డబ్బా అందుకుంది. పనిలో పనిగా తన చేతిరాత చూసుకుని మురిసిపోదామని బోర్డు వైపు తిరిగింది.

'డు నాట్ ఫీడ్ ద ఫిష్ అన్‌లెస్ దే ఆర్ నాట్ హంగ్రీ.'

ఆకలి లేకపోతే మేత వేయొద్దనే కదా రాసింది? మళ్ళీ చదివింది. అన్‌లెస్ అంటే 'తప్ప'. ఆకలి లేకుంటే తప్ప మేత వేయొద్దు!

అమ్మో! చేపలు ఆకలితో నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చిన ప్రతిసారీ, ఆ పిల్ల బోర్డు చదువుకుని డబ్బా ముట్టకుండా వెనక్కి వెళ్ళిపోయి ఉంటుంది.

ఎవరూ గమనించలేదు. టీచర్ అప్పుడే పాఠం తీస్తున్నారు. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ డిక్షనరీకి తల కొట్టేసినట్టయింది.

"టీచర్, తను తప్పు చేయలేదు. ఈ రెండో నాట్ నాది."

"ఏ నాట్?"

"'ఆకలిగా ఉంటే తప్ప వేయకండి' అని రాయాలి. నేను 'ఆకలి లేకుంటే తప్ప వేయకండి' అని రాశా. అన్‌లెస్ లోపలే ఒక నాట్ ఉంది కదా టీచర్, నేను ఇంకోటి తగిలించా."

టీచర్ బోర్డు చదివారు. "రోజూ దీని ముందు నుంచే నడుస్తున్నాను. నేనూ చూడలేదు," అన్నారు మెల్లగా.

"డిక్షనరీలో అచ్చుతప్పు!" అని వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు. క్లాసు మళ్ళీ గొల్లుమంది.

డిక్షనరీ వేలితో ఆ నాట్ చెరిపేసింది. డబ్బా తీసుకెళ్ళి కొత్తమ్మాయి చేతిలో పెట్టింది.

"సారీ. తప్పు నాది," అంది ఇంగ్లిషులో, అందరికీ వినబడేలా.

కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుని, గబగబా వెళ్ళి సీలు చింపింది. చిటికెడు మేత నీళ్ళ మీద పడగానే చేపలన్నీ ఎగబడ్డాయి. అడుగున ఒరిగిన చేప కూడా, కాస్త ఆలస్యంగా, తోక ఆడిస్తూ పైకి లేచింది.