నమూనాకి పెట్టిన వెలుగు

పొద్దున్న ఎనిమిదింటికే తల్లి హాల్లో చేరి, వెలుగు గొట్టం కింద చొక్కాకి కాజాలు కుడుతోంది. కప్పు మీద గాజు బుడగ, దాని కింద అద్దంలా మెరిసే గొట్టం. కరెంటు ఖర్చు లేకుండా ఎండ నేరుగా గదిలోకి దిగుతుంది. వీటిని ఊరంతా బిగించడమే కొడుకు పని. సొంతింట్లో మాత్రం ఒక్కటే పెట్టాడు మహానుభావుడు, అదీ వచ్చినవాళ్ళకి చూపించడానికి.

"అమ్మా, గొట్టం చూడ్డానికి వస్తున్నారు. కాస్త లోపలికెళ్ళు."

నాలుగేళ్ళుగా వింటున్న మాటే. ఆవిడ చొక్కా తీసుకుని, ఇన్నాళ్ళూ తను కుట్టుపని చేసుకున్న, కిటికీ లేని నడిమి గదిలోకి వెళ్ళిపోయింది.

బేరం కుదిరింది. వాళ్ళను సాగనంపి హుషారుగా వచ్చిన కొడుకుతో తల్లి, "కుట్టు మిషను వీధి చివర అమ్మాయికి ఇచ్చేశాన్రా, నిన్న. ఈ కాజాలే ఆఖరు," అంది.

"మంచి పని చేశావు. కళ్ళు ఆనడం లేదని నేను చెబుతూనే ఉన్నాగా. నల్ల కోటుకి నీలం దారం వేస్తే ఎవరూరుకుంటారు?"

వంటింట్లోంచి వింటున్న కోడలికి ఒళ్ళు మండింది. తిరిగొచ్చిన ఆ కోటు తెచ్చి, అత్తగారిని గొట్టం కింద నిలబెట్టింది.

"అత్తయ్యా, దారం ఏ రంగు?"

"నీలం," అని ఆవిడే తెల్లబోయింది. "లోపలి గదిలో నలుపూ నీలమూ ఒకటిలాగే ఉన్నాయే!"

"విన్నారా? ఆవిడ కళ్ళకేం కాలేదు. దీపం కిందే చీకటంటే మన ఇల్లే!"

అతను రేపు ఎవరింటికో పోవలసిన గొట్టాన్ని బండిలోంచి దించి, నిచ్చెనెక్కాడు. మధ్యాహ్నానికల్లా నడిమి గదిలోకి ఎండ దిగింది. మిషను ఉన్నచోట గచ్చు మీద నాలుగు కాళ్ళ గుర్తులు తెల్లగా కనిపించాయి. వాటిని చూసి అతను గుమ్మం వైపు తిరిగాడు.

"వెళ్ళి అడిగి తెస్తానమ్మా."

"ఛ, ఇచ్చింది వెనక్కి అడుగుతామా? ఆ పిల్ల పని మొదలెట్టేసింది కూడా."

"అయితే కొత్తది కొంటాను."

"ఇప్పుడెందుకులేరా. మానేద్దామని మనసుకి నచ్చజెప్పుకోడానికే నెల పట్టింది."

ఆవిడ అతని గడ్డం పట్టుకుని ముఖం వెలుతురులోకి తిప్పింది. హాల్లో అతను ఆవిణ్ణి ఎప్పుడూ ఇంతసేపు వెలుతురులో ఉండనిచ్చింది లేదు.

"నీ తల ఎప్పుడు నెరిసిందిరా, నాన్నా?"

అతను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.