సుబ్బరావమ్మ బ్యారన్లో ఈల

మా ఊరి మిరపకల్లాలకి వెళ్లే డొంకలో పొగాకు ఆకు ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టం ఒకటుంది. పొద్దు వాలాక దాని పక్కనుంచి గొడ్లు కూడా నడవవంటారు. ఆ వేళప్పుడు గొడ్లని అటు తోలేవాడెవడూ లేడు గనక, ఆ మాట నిజమో కాదో ఇంతవరకూ తేలలేదు.

దాన్ని సుబ్బరావమ్మ బ్యారన్ అంటారు. సుబ్బరావమ్మ దాని యజమాని కాదు, అందులో పొగాకు కట్టలు కట్టిన కూలిమనిషి. పొగాకు గిట్టుబాటు కాక బ్యారన్ మూతపడింది. ఆవిడేమో చీరాలలో, కూతురింట్లో, షుగరు ముదిరి మంచం మీద పోయింది. అయినా దెయ్యం మాత్రం ఇక్కడే అయింది. చీరాల నుంచి బస్సెక్కి వచ్చిందా, నడిచి వచ్చిందా అని అడిగిన పాపాన పోలేదు మావాళ్లు.

బతికినన్నాళ్లూ ఆవిడ ఈల వేసిందని ఎవరూ చెప్పరు. కానీ ఈ ఏడు మిరపకోతలు మొదలైన దగ్గర్నుంచీ బ్యారన్లోంచి ఈల వస్తోంది. మామూలు ఈల కాదు. ఎక్కడో ఆకాశమంత ఎత్తున సన్నగా మొదలై... కిందికి జారుతూ... జారుతూ... బొంగురుపోయి ఆగుతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఇంకొకటి.

దాంతో కల్లాల కాపలా మానేశారు. ఆరబోసిన కాయ అలాగే ఉంది, కాసేవాడు లేడు. తెల్లారేసరికి ఏదో ఒక కల్లంలో ఒక మూల నేల కనపడుతోంది. మరి దొంగలకి దెయ్యమంటే భయం లేదా అంటే, వాళ్లు పొరుగూరి వాళ్లు. వాళ్ల దెయ్యాలు వాళ్లకున్నాయి.

యలమంద కౌలురైతు. ఏడాది పొడుగునా ఆలూమగలు చేసిన చాకిరీ అంతా ఆ కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది.

"ఇంకొక్క రాత్రి వదిలేస్తే మనకి మిగిలేది తొడిమలే" అంది అతని భార్య రాజ్యం. "దెయ్యాల్లేవని ఊరందరికీ చెప్తావుగా. పోయి ఆ బ్యారన్‌కి చెప్పు."

దెయ్యాల్లేవన్నది యలమంద గట్టి నమ్మకం. పగటిపూట మరీ గట్టిది.

పక్క కల్లం పీరుని తోడు తీసుకుని బయల్దేరాడు. ఆ రాత్రి సంగతి ఇద్దరూ నాకు చెప్పారు. యలమంద చెప్పినదాంట్లో భయం ఎక్కడా లేదు. పీరు చెప్పినదాంట్లో భయమంతా యలమందదే. రెండూ కలిపి సగం చేసి మీకు చెప్తున్నా.

వెన్నెల లేదు. చేతిలో టార్చి ఉంది, వెయ్యబుద్ధి కాలేదు. వేస్తే ఏం కనపడుతుందో... డొంక మలుపు తిరిగారో లేదో—

కూ...య్...య్...

"విన్నావట్రా?" యలమంద గొంతు తగ్గించాడు.

"నేనేం వినలా" అన్నాడు పీరు. విన్నానంటే వెళ్లి చూద్దాం పదమంటాడని.

"పద, తలుపు తీద్దాం."

"నువ్వు తియ్యి. నేను వెనక కాస్తా."

"వెనక ఏముందిరా?"

"ఏం లేకుండానే కాస్తాలే..."

తలుపు తోశాడు. తలుపు కిర్రుమనలేదు. అదీ భయమే. మూతపడ్డ కొంపకి తలుపు అంత మెత్తగా తెరుచుకోవడమేంటి?

లోపల కాటుక చీకటి. ఆ చీకట్లో, నేల మీద... తెల్లగా... ఒక ఆకారం. కూర్చుని ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. తల తిప్పలేదు.

యలమంద గడప పట్టుకున్నాడు.

ఆకారం చెయ్యెత్తింది. గుసగుసగా అంది—

"ఫోన్... ఆపెయ్యండి..."

అదే అతన్ని బతికించింది. రక్తం అడిగుంటే అక్కడే పోయేవాడు. ఫోన్ ఆపమన్న దెయ్యాన్ని మా వైపు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మారు మాట్లాడకుండా ఫోన్ ఆపేశాడు.

అది దెయ్యం కాదు, ఆడపిల్ల; పేరు అఖిల. యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. కప్పుకున్నది దోమలకి దుప్పటి. ముందు ఒక పెట్టె, దానికో చిన్న స్పీకరు, గోడ వెంబడి పైకప్పు దాకా పోయిన తీగ. ఒంగోల్లో ఉన్న బ్యారన్ యజమానిని అడిగి నెల కిందటే పెట్టిందట. యజమాని ఊళ్లో ఒక్కరికీ చెప్పలేదు. ఆయనకీ ఈ బ్యారనంటే భయమే, దాని పేరెత్తడు.

"ఈ ఈల మెరుపుదండీ" అంది. "సముద్రం అవతల ఎక్కడో మెరుపు మెరుస్తుంది. భూమి చుట్టూ కంటికి కనపడని అయస్కాంతపు దారులుంటాయి. ఆ మెరుపులో పుట్టిన రేడియో తరంగం ఆ దారి పట్టుకుని అంతరిక్షంలోకి లేచి, ఇటువైపు దిగుతుంది. దారిలో సన్నటిది ముందొస్తుంది, బొంగురుది వెనకపడుతుంది. అందుకే అలా జారుతుంది. మన చెవికి అందదు. ఈ పెట్టె పట్టుకుని స్పీకరులో వినిపిస్తుంది."

"ఇందుకు మా సుబ్బరావమ్మే దొరికిందా తల్లీ?"

"కరెంటు తీగ దగ్గర్లో ఉంటే పెట్టెకి ఏమీ వినపడదండీ. జిల్లా అంతా తిరిగాను. దెయ్యమని ఎవరూ లైను లాగని చోటు ఇదొక్కటే."

ఇంకాసేపట్లో ఒక శాటిలైట్ సరిగ్గా నెత్తిమీదుగా వెళ్తుందట. అది పైన విన్న ఈలా, ఈ పెట్టె కింద విన్న ఈలా ఒకటేనని తేలితే ఆమె ఇన్నేళ్ల పని నిలబడుతుందట. ఆ ఒక్కసారి కోసమే స్వయంగా వచ్చి కూర్చుంది.

"అయితే మేమూ కూర్చుంటాం" అన్నాడు యలమంద. పీరు కూడా గడప దాకా వచ్చాడు.

ఈలలు వచ్చాయి. ఒకదాని వెంట ఒకటి... నింగిలోంచి జారి వాళ్ల మధ్యలో పడుతున్నట్టు. "ఇంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదండీ!" అని ఆ పిల్ల చీకట్లో ఏడ్చినంత పని చేసింది. సముద్రం అవతలి మెరుపు తన చెవిలో పడుతోందంటే యలమందకి ఒళ్లు పులకరించింది. అతనికి అంత సంతోషం కాయ ధర పెరిగినప్పుడు కూడా కలగలేదని పీరు అంటాడు.

తెల్లారి ఆ పిల్లనీ, ఆ పెట్టెనీ యలమందే మొదటి బస్సు ఎక్కించాడు. తిరిగొచ్చి రచ్చబండ దగ్గర ఛాతీ విరుచుకున్నాడు. దెయ్యం లేదు, గియ్యం లేదు, అది సైన్సు! లోపల పెట్టె ఉంది, స్పీకరుంది, నా కళ్లతో చూశాను! ఈ మాట పూర్తి కాకుండానే జనం చాపలూ దుప్పట్లూ సర్దుకోవడం మొదలెట్టారు. నెల రోజుల నుంచి పోతున్న కాయ మరి. పెట్టె బస్సెక్కిన ముక్క చెప్పడానికి ఇతనికి, వినడానికి వాళ్లకి తీరిక లేకపోయింది.

ఆ సాయంత్రం ఆరిన కాయ టిక్కీ బస్తాలకెత్తి నా వ్యాన్లో గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరాం, నేనూ యలమందా. మిగిలిన కాయకి కాపలాగా రాజ్యం కల్లానికి వెళ్లింది. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు, పిల్లాజెల్లాతో సహా.

చిలకలూరిపేట దాటాక ఫోన్ మోగింది. యలమంద ఎవరితో మాట్లాడినా స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"యలమంద గారూ, నేను అఖిలని..." గొంతు అదోలా ఉంది. "పెట్టె తెరిచి చూశానండీ. రాత్రి మీరు లోపలికి రాకముందే బ్యాటరీ అయిపోయింది. ఆ తర్వాత ఏమీ రికార్డు కాలేదు."

"అయ్యో! మరి మనం విన్నవన్నీ?"

"స్పీకరు కూడా ఆ బ్యాటరీ మీదే నడుస్తుందండీ."

నేను వ్యాన్ పక్కకి తీసి ఆపాను.

"శాటిలైట్ డేటా కూడా వచ్చింది" అంది. "ఆ వేళకి పైన ఒక్క ఈల కూడా లేదు. అవతల అసలు మెరుపే లేదు... మా సారుకి వైరు లూజని చెప్పాను. మీరు కూడా ఎవరికీ..."

ఫోన్ పెట్టేసింది. యలమంద చేతిలోంచి ఫోన్ తీసుకుని రాజ్యం నంబరు నేనే నొక్కాను.

"ఏమయ్యా, యార్డుకి చేరారా?" రాజ్యం గొంతు కులాసాగా ఉంది. "ఇక్కడంతా బానే ఉంది. పొద్దుగూకిన కాణ్ణించీ నువ్వు చెప్పిన పెట్టెలోంచి ఈల వస్తానే ఉంది. జోలపాటలాగుంది, పిల్లలందరూ నిద్రపోయారు. ఆ సుబ్బరావమ్మని ఊరికే ఆడిపోసుకున్నాం. ఇదుగో, మళ్లా... ఇను."

విన్నాం. ఫోన్లోంచి... సన్నగా మొదలై... జారుతూ...

లేచి ఇంటికి పొమ్మని రాజ్యానికి చెప్తాడేమో అని యలమంద వంక చూశాను. దెయ్యం లేదని ఊరంతటికీ చెప్పింది తనే. అందరూ లేచిపోతే కల్లంలో కాయ తెల్లారేసరికి ఉండదు.

"సరే... దుప్పటి నిండా కప్పుకుని పడుకో" అన్నాడు.